క్రిస్మస్ తాత ఊళ్లో నాలుగు తరాల పార్కు

(కుటుంబ వ్యాపారాలు నడిపేవారు సికింద్రాబాద్‌లో పెట్టుకున్న సమావేశంలో ఒక ఆడిటర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినప్పుడు "వారసత్వం గురించి, వాటాల గురించి మాట్లాడండి సార్" అన్నారు. ఆ మాట వినగానే హాల్లో సగం మందికి నిద్ర వస్తుంది, మిగతా సగానికి టెన్షన్ వస్తుంది. పక్క కుర్చీలో తమ్ముడో బావమరిదో ఉంటాడు కదా మరి. (నవ్వులు) అందుకని వేరే దారిలో వస్తాను. ఒక పార్కు కథ చెబుతాను. మన ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న పార్కు కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం దక్షిణాన, రెండున్నర వేల జనాభా ఉన్న చిన్న ఊళ్లో, 1946 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న పార్కు. పేరు హాలిడే వరల్డ్. నేను చూసేది కుటుంబ సంస్థల లెక్కలు కాబట్టి, ఆ పార్కులో రైడ్ల కన్నా దాని యజమానుల మీదే నాకు ఆసక్తి ఎక్కువ.

1946 అంటే మనకూ ఒక గుర్తు ఉంది. నిజాం కాలంలో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో వంద స్టాళ్లతో మొదలైన నుమాయిష్, ఇప్పుడున్న నాంపల్లి మైదానానికి మారింది ఆ ఏడాదే. నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కని వాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు. ఆ వీల్ యజమాని సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? నెలన్నర తిప్పుతాడు, తర్వాత నట్టూ బోల్టూ విప్పి లారీకెక్కించి ఇంకో ఊరి ఎగ్జిబిషన్‌కు పోతాడు. ఆయన దగ్గర రైడ్ ఉంది, భూమి లేదు. నేను చెప్పబోయే కుటుంబానిది దీనికి తిరగేసిన పరిస్థితి. వాళ్ల దగ్గర భూమి ఉంది, ఆ ఊరికి ఒక విచిత్రమైన పేరు ఉంది. చెప్పుకోదగ్గ రైడ్లు మాత్రం లేవు.

ఊరి పేరు శాంటాక్లాజ్. అవును, క్రిస్మస్ తాత పేరే. 19వ శతాబ్దం మధ్యలో ఆ ఊరివాళ్లు శాంటా ఫే అని పెట్టుకుందామనుకున్నారట. ఆ పేరుతో ఇండియానాలో ఇంకో ఊరు ఉంది, కుదరదు అన్నారు పోస్టల్ వాళ్లు. అప్పుడు ఈ పేరు ఎలా తట్టిందో చెప్పడానికి క్రిస్మస్ ముందు రాత్రి, మంచు, గుర్రపు బండి గంటల మోత కలిపి ఒక కథ చెబుతారు. మన స్థలపురాణాల్లాంటిదే, నమ్మాలనిపిస్తే నమ్మొచ్చు. 1856 నుంచి పోస్టాఫీసు ఆ పేరుతోనే నడిచిందన్నది మాత్రం నిజం. ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు "క్రిస్మస్ తాతకు" అని రాసే ఉత్తరాలు ఆ ఊరికి చేరేవి. 1914 ప్రాంతంలో పోస్ట్‌మాస్టర్ కూర్చుని వాటికి జవాబులు రాయడం మొదలుపెట్టాడు. ఆ ఆనవాయితీని ఊరివాళ్లు ఇప్పటికీ నిలబెట్టారు.

అక్కడికి కొంత దూరంలో ఎవాన్స్‌విల్ అనే పట్టణం ఉంది. లూయిస్ కోచ్ అక్కడి పారిశ్రామికవేత్త. తండ్రి మొదలుపెట్టిన రేకుల పని, లోహపు పని సంస్థలో పనిచేసి రిటైరయ్యాడు. తొమ్మిది మంది పిల్లల తండ్రి. 1941లో ఆయన ఈ శాంటాక్లాజ్ ఊరు చూడటానికి వచ్చాడు. పేరు చూసి సంబరంగా వచ్చే పిల్లలకు ఇక్కడ తాత కనిపించడే అని నొచ్చుకున్నాడు. తానే ఏదో ఒకటి కడదామనుకున్నాడు. ఈలోపు యుద్ధం వచ్చిపడింది. చివరికి 1946 ఆగస్టు 3న శాంటాక్లాజ్ ల్యాండ్ పేరుతో తెరిచారు.

ఏముండేది అందులో? ఒక క్రిస్మస్ తాత, ఒక బొమ్మల దుకాణం, ఒక హోటల్, పిల్లలు ఎక్కే చిన్న రైలు, ఇంకో నాలుగు చిన్న చిన్న రైడ్లు. అంతే. ఒక కథ చుట్టూ అల్లిన పార్కుల్లో ప్రపంచంలో మొదటిది మాదేనని వాళ్లంటారు. డిస్నీల్యాండ్ తెరిచింది 1955లో కాబట్టి తొమ్మిదేళ్లు ముందే ఉన్నారు. కాలిఫోర్నియాలో నాట్స్ బెర్రీ ఫామ్ అనే ఇంకో పార్కు ఉంది, వాళ్లేమో "కాదు, మొదటిది మాదే" అంటారు. ఆ తగువు తేల్చే పని నాకొద్దు.

గేటు దగ్గర డబ్బులు తీసుకునేవాళ్లు కాదన్న సంగతే ఆడిటర్‌గా నన్ను ఆపింది. తొమ్మిదేళ్లు ప్రవేశం ఉచితం. భోజనం మీద, బొమ్మల మీద వచ్చిందే ఆదాయం. 1955లో పెద్దవాళ్లకు అర డాలరు టికెట్ పెట్టారు, పిల్లలకు అప్పటికీ లేదు. ఇవాళ మన దగ్గర ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టు పట్టుకుని బ్యాంకుకు వెళితే టీ కూడా ఇవ్వరు. (నవ్వులు)

నాట్స్ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి ఆ కుటుంబం సంగతి కూడా చెప్పేస్తాను. తర్వాత పనికొస్తుంది. వాల్టర్ నాట్ ఒక రైతు. 1920లో కాలిఫోర్నియాలోని బ్యూనా పార్కులో భూమి కౌలుకు తీసుకుని బెర్రీ పండ్లు పండించేవాడు. బాయ్‌సెన్‌బెర్రీ అనే సంకర రకాన్ని బతికించి అమ్మకానికి తెచ్చింది ఆయనే. రోడ్డు పక్కన పండ్లు, జామ్ అమ్మేవాళ్లు. 1934లో ఆర్థికమాంద్యం నడుస్తుండగా ఆయన భార్య కార్డీలియా తన పెళ్లినాటి పింగాణీ పళ్లాలు తీసి కోడి వేపుడు భోజనం వడ్డించింది. మొదటి రోజు ఎనిమిది భోజనాలు, ఒక్కోటి 65 సెంట్లు. కొన్నేళ్లకే ఆ భోజనం కోసం గంటల కొద్దీ క్యూ. నిలబడ్డవాళ్లకు విసుగు పుట్టకుండా 1940లో పక్కనే పాతకాలపు గనుల ఊరు ఒకటి కట్టడం మొదలుపెట్టాడు నాట్. పార్కు పుట్టింది అలా. అక్కడ కూడా గేటు టికెట్ 1968 దాకా లేదు. కార్డీలియా 1974లో, వాల్టర్ 1981లో పోయారు. 1997లో పిల్లలు దాన్ని సెడార్ ఫెయిర్ అనే పార్కుల కంపెనీకి అమ్మేశారు. అమ్మడం తప్పని నేననను. అందరికీ అందులో ఉండాలని లేనప్పుడు, మంచి ధర వచ్చినప్పుడు అమ్ముకోవడం కూడా ఒక పద్ధతే. కాకపోతే అక్కడితో కుటుంబం కథ అయిపోయింది, కంపెనీ కథ మొదలైంది.

సరే, కోచ్‌ల దగ్గరికి వద్దాం. లూయిస్ కొడుకు బిల్. నాన్న ఆలోచన మీద ఈయనకు మొదట అంత నమ్మకం లేదు. నేవీలో పనిచేసి, యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి, నమ్మకం లేని ఆ పార్కే నెత్తినేసుకున్నాడు. మీలో ఎంతమంది ఇలా వచ్చారో చేతులెత్తమంటే బాగుండదు. (నవ్వులు)

బిల్ కొత్త రైడ్ల మీద కన్నా పార్కు గోడ బయట ఎక్కువ పనిచేశాడు. ఇంటర్‌స్టేట్ 64 అనే జాతీయ రహదారి ఇండియానా దక్షిణ భాగం గుండా పోయేలా ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో ఆయన ముందున్నాడు. అబ్రహాం లింకన్ చిన్నతనం గడిచింది ఆ పక్క ఊళ్లోనే. దానికి 1962లో జాతీయ స్మారక స్థలంగా గుర్తింపు వచ్చింది, ఆ ప్రయత్నంలోనూ ఈయన చెయ్యి ఉంది. పార్కు పక్కనే క్రిస్మస్ లేక్ విలేజ్ అని ఇళ్ల కాలనీ వేశాడు, వీధులకు క్రిస్మస్ పేర్లు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే రోడ్డు తెచ్చాడు, టూరిస్టు స్పాట్ తెచ్చాడు, వెంచర్ వేశాడు. హైదరాబాద్ వాళ్లకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ ఒక తేడా చూడండి. మన దగ్గర చాలాసార్లు ఔటర్ వచ్చాక గజం రేటు చూసి, పార్కో ఫంక్షన్ హాలో పీకేసి ప్లాట్లు చేస్తారు. ఆయన ప్లాట్లు అమ్మాడు, పార్కు కింద భూమి జోలికి పోలేదు.

ఇంకో ముచ్చట. ఆ పార్కులో జిమ్ యెల్లిగ్ అనే ఆయన దాదాపు నలభై ఏళ్లు క్రిస్మస్ తాతగా కూర్చున్నాడు. బిల్ ఆయన కూతురు ప్యాట్‌ని 1960లో పెళ్లి చేసుకున్నాడు. అంటే పార్కు ఓనరు క్రిస్మస్ తాతకు అల్లుడయ్యాడు. కట్నం ఏం తీసుకున్నాడో తెలీదు. (నవ్వులు) వాళ్లకు ఐదుగురు పిల్లలు. కథలో అసలు చిక్కు మొదలయ్యేది ఆ తరంతోనే.

1984లో పేరు మార్చారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆ ప్రాంతంలో ఇలాంటి పార్కులు నడిచేది ఎండాకాలంలో. మండే జూలైలో క్రిస్మస్ చూపిస్తూ ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? అందుకని హాలోవీన్, జూలై నాలుగు స్వాతంత్ర్య దినం, ఇలా ఒక్కో పండగకు ఒక్కో పేట కట్టి హాలిడే వరల్డ్ అన్నారు. థాంక్స్‌గివింగ్ పేట చాలా తర్వాత, 2006లో వచ్చింది. తాత పెట్టిన పేరు తీసేయడం కుటుంబాల్లో చిన్న విషయం కాదు. మా క్లయింట్లలో ఒకరింట్లో బోర్డు మీద తాతగారి ఫొటో జరపడానికే మూడు మీటింగులు పెట్టారు.

బిల్ తర్వాత పగ్గాలు కొడుకు విల్ చేతికి వచ్చాయి. కంప్యూటర్లు చదువుకున్నవాడు. 1993లో స్ప్లాషిన్ సఫారీ పేరుతో వాటర్ పార్కు పెట్టాడు, దానికి విడిగా టికెట్ పెట్టలేదు. ఒకే టికెట్ మీద రెండూ. 1995లో రేవెన్ అనే చెక్క రోలర్ కోస్టర్ కట్టాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. స్టీల్ కోస్టర్లు ఎంత ఎత్తు, ఎన్ని మెలికలు అని పోటీ పడుతున్న కాలంలో ఈయన చెక్క ఎందుకు ఎంచుకున్నాడు? చెక్క కోస్టర్‌లో తలకిందులు చేసే విన్యాసాలు చాలావరకు ఉండవు. దాని మజా అంతా కుర్చీలోంచి ఒళ్లు లేచిపోవడంలో, కడుపులో చల్లగా జారడంలో ఉంటుంది. భారీ స్టీల్ కోస్టర్‌తో పోలిస్తే కట్టడానికి తక్కువలో అవుతుంది. కానీ కట్టాక వదలదు. ఎండకు, వానకు చెక్క కదులుతూనే ఉంటుంది. రోజూ పొద్దున్నే మనుషులు ట్రాక్ పొడవునా నడిచి బోల్టులు బిగించాలి, అరిగిన చోట చెక్క మార్చాలి. ఎక్కువ పెట్టుబడి లేక, రోజూ దగ్గరుండి చూసుకునే మనిషి ఉన్న చోట అది సరిపోతుంది. అచ్చం కుటుంబ వ్యాపారానికి సరిపడే సరుకు. చిన్న ఊళ్లో ఉన్న ఆ ఒక్క కోస్టర్ ఎక్కడానికి దేశం నలుమూలల నుంచి అభిమానులు వచ్చేవాళ్లు, అభిమానుల ఓటింగుల్లో అది మొదటి స్థానంలో నిలిచేది. ఆ ధైర్యంతో 2000లో లెజెండ్, 2006లో వాయేజ్ కట్టారు. వాయేజ్ ఎత్తు 163 అడుగులు, ట్రాక్ పొడవు దాదాపు రెండు కిలోమీటర్లు. కొండవాలును, లోయను అలాగే వాడుకుని, మధ్యమధ్య సొరంగాల్లోంచి తీసుకెళతారు. భూమిని చదును చేయకుండా దాని ఎగుడుదిగుడులనే రైడ్‌గా మార్చారు. మన దగ్గరైతే ముందు జేసీబీ వచ్చి కొండను నేలమట్టం చేస్తుంది.

2000లోనే ఇంకో పని చేశారు. కూల్‌డ్రింకులు ఉచితం అన్నారు. ఒక గ్లాసు కాదు, రోజంతా ఎన్నిసార్లు పట్టుకుంటే అన్నిసార్లు. పార్కింగ్ ఉచితం, ఎండకు రాసుకునే సన్‌స్క్రీన్ ఉచితం.

నా దగ్గరికి ఎవరైనా ఈ ప్రతిపాదన తెస్తే నేను ఒప్పుకునేవాడిని కాదు. పార్కు వ్యాపారంలో డ్రింకుల మీద మార్జిన్ అందరికీ తెలిసిందే. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ కొన్నవాళ్లను అడగండి. అలాంటి ఆదాయాన్ని చేతులారా వదులుకోవడమా? కానీ లెక్క ఇంకో వైపు నుంచి వేసి చూడండి. గ్లాసులో పోసే సిరప్, సోడాల ఖరీదు చాలా తక్కువ. మనం ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ సరుకుది కాదు. కౌంటర్లో డబ్బు తీసుకునే మనిషి ఉండడు, చిల్లర గొడవ ఉండదు, క్యూ ఉండదు. ఎండలో నీరసించి కూలబడేవాళ్లు తగ్గుతారు. నలుగురు పిల్లలతో వచ్చిన తండ్రి గంటగంటకూ పర్సు తీయడు కాబట్టి చిరాకు పడడు, సాయంత్రం దాకా ఉంటాడు, భోజనం అక్కడే చేస్తాడు, ఇంటికెళ్లి పదిమందికి చెబుతాడు. పెద్ద నగరం లేని చోట, అంత దూరం కారులో రప్పించడానికి ప్రకటనల మీద పెట్టాల్సిన ఖర్చు గ్లాసుల్లో పోశారన్నమాట. ఇది మొదటి మూడు నెలల లెక్కల్లో కనిపించదు. మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పాల్సిన కంపెనీలో దీన్ని ఒప్పించడం కష్టం. వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయం తీసుకునే చోట కుదురుతుంది.

అలాగని షేర్ మార్కెట్లో లిస్టింగ్‌కు వెళ్లినవాళ్లంతా పొరపాటు చేశారని కాదు. మన రావిర్యాలలోని వండర్లా పార్కునే చూడండి. వి-గార్డ్ స్టెబిలైజర్ల చిట్టిలపిల్లి కుటుంబం 2000లో కొచ్చిలో వీగాల్యాండ్‌గా మొదలుపెట్టింది. 2005లో బెంగళూరు, 2014లో షేర్ మార్కెట్, 2016లో హైదరాబాద్. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే అంత డబ్బు ఇంట్లో ఉండదు, బయటినుంచి తేవాల్సిందే. తండ్రి తర్వాత కొడుకు నడుపుతున్నాడు, కుటుంబం చేతిలోనే పెద్ద వాటా ఉంది. కోచ్‌లు ఇంకో ఊరికి పోలేదు, ఉన్న ఊళ్లోనే లోతుకు పోయారు. రెండూ పెరుగుదలే. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు పార్కుల టికెట్ మీద 28 శాతం వేశారు, 2018 జనవరిలో 18కి తగ్గించారు. ఆ ఆర్నెల్లు ఈ రంగంలో ఉన్నవాళ్లు ఎలా గడిపారో దగ్గర నుంచి చూశాను. అప్పు తక్కువగా ఉన్నవాళ్లు తట్టుకున్నారు.

ఇప్పుడు నన్ను పిలిచిన విషయానికి వస్తున్నాను.

2010 జూన్‌లో విల్ కోచ్ హఠాత్తుగా చనిపోయాడు. 48 ఏళ్లు. ఇంటి ఈతకొలనులో ప్రమాదం. పార్కు సీజన్ నడుమ, వేసవి రద్దీలో. వాటాల్లో పెద్ద భాగం ఆయన పేరు మీద ఉంది, మిగిలినది తమ్ముడు డాన్, చెల్లెలు నటాలీ పేరు మీద ఉంది. వాటాదారుల్లో ఎవరైనా పోతే ఆ వాటాలను కంపెనీయే తిరిగి కొనాలని వాళ్లు ముందే ఒప్పందం రాసుకున్నారు. ధర ఎలా కట్టాలో కూడా అందులో ఉంది. ఎంత ముందుచూపో చూడండి. మనలో ఎంతమంది ఇళ్లలో ఆ కాగితం ఉంది?

అయినా కోర్టుకెక్కారు. తమ్ముడు అధ్యక్షుడయ్యాడు. కంపెనీ ఇవ్వజూపిన ధర ఒప్పందం ప్రకారం రావాల్సిన దానికన్నా తక్కువని వదినగారి, అంటే విల్ భార్య వైపు వాదన. ఇండియానా కోర్టులు ఆమె వైపు తీర్పిచ్చాయి. మీరు ఒప్పందంలో ఉన్న ధర ఇవ్వలేదు కాబట్టి, వాటాలు అమ్మాల్సిన బాధ్యత వాళ్ల మీద లేదన్నాయి. పెద్ద వాటా విల్ కుటుంబం దగ్గరే ఉండిపోయింది. తర్వాత డాన్ అలబామాలో ఇంకో పార్కు తీసుకుని అటు వెళ్లాడు.

ఎవరిది తప్పు అన్నది నా విషయం కాదు. బయటివాళ్లం, ఆ ఇంటి దుఃఖం మనకు తెలియదు. నాకు అందులో పాఠంలా కనిపించేది చాలా పొడి సంగతి. కాగితం ఉండబట్టే గొడవ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ధర సరిగ్గా కట్టారా లేదా. కాగితం లేకపోతే ఎవరు ఎంత కష్టపడ్డారు, నాన్న ఎవరికి ఏం మాటిచ్చాడు, పెళ్లిలో ఎవరికి ఎంత పెట్టారు, అన్నీ కోర్టు గుమ్మం ఎక్కేవి. అలాంటి కేసుల్లో ఫ్యాక్టరీ తాళం వేసి, యంత్రాలు తుప్పు పట్టాక తీర్పు రావడం మీరూ చూసే ఉంటారు. వీళ్లు తగువు పడుతున్నప్పుడు కూడా గేటు మూయలేదు. 2012లో మామత్ అనే పొడవాటి వాటర్ కోస్టర్ తెరిచారు. కుటుంబం బయటి మనిషి, ఎన్నో ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న ఉద్యోగి, అధ్యక్షుడయ్యాడు. 2015లో సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లతో థండర్‌బర్డ్ వచ్చింది. చెక్కల మీద పేరు తెచ్చుకున్నవాళ్లు మొదటిసారి అంత పెద్ద స్టీల్ కోస్టర్ వేశారు.

ఇప్పుడు ముందుకొచ్చిన నాలుగో తరంలో విల్ కూతుళ్లు ఉన్నారు. మనవాళ్లు ఇక్కడ చెవి పెట్టాలి. పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు దేశమంతా వచ్చింది 2005లో. మన ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం పెళ్లికాని ఆడపిల్లల విషయంలో 1985 సెప్టెంబర్ నుంచే అమలు చేసింది. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా, నా దగ్గరికి వచ్చే ఫ్యామిలీ చార్టుల్లో అల్లుడి పేరు ఉంటుంది, అమ్మాయి పేరు ఉండదు. ఇది కోపంగానే అంటున్నాను, రాసుకోండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఏమైనా అడగాలంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, షాద్‌నగర్ దగ్గర మాకు పద్దెనిమిది ఎకరాలుంది. ముగ్గురం అన్నదమ్ములం. చిన్న వాటర్ పార్కు అనుకుంటున్నాం. వర్కవుట్ అవుతుందా?)

పద్దెనిమిది ఎకరాలు చిన్న పార్కుకు సరిపోతుంది. ముందు నీళ్ల సంగతి చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మీకు జనం వస్తారు, బోర్లు ఎండేదీ అప్పుడే. శుద్ధి చేసి తిరిగి వాడుకునే ప్లాంటు ఖర్చు స్లైడ్ల ఖర్చుతో పాటే మొదటి రోజు నుంచి లెక్కలో పెట్టండి. స్కూళ్ల టూర్లు నవంబర్ నుంచి జనవరి దాకా వస్తాయి, అవి మీ చేతిఖర్చు గట్టెక్కిస్తాయి. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా వారాంతాలు తప్ప ఖాళీ. ఆ మూడు నెలల జీతాలు బ్యాంకులో ఉంచుకోకుండా గేటు తెరవొద్దు. రైడ్లకు బయటి ఇంజినీరుతో తనిఖీ, ఇన్సూరెన్స్ విషయంలో ఒక్క రూపాయి తగ్గించొద్దు. సెకండ్ హ్యాండ్ రైడ్లు చవగ్గా వస్తాయని ఎవరైనా అంటే స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయో రాతపూర్వకంగా అడగండి.

ఇక భూమి ముగ్గురి పేర్ల మీద విడివిడిగా ఉందా, కలిపి ఉందా?

(సమాధానం: కలిపే ఉంది సార్. నాన్న పేరు మీదే.)

నాన్నగారు ఉన్నారా?

(సమాధానం: ఉన్నారు. ఇక్కడే, వెనక వరసలో.)

నమస్కారం అండీ. అయితే మీరు నలుగురూ, మీ ఆడపడుచులు ఉంటే వాళ్లు కూడా, ఈ నెలలోనే ఒకసారి మా ఆఫీసుకు రండి. మ్యాపులు, రైడ్ల కొటేషన్లు ఇప్పుడే వద్దు. పాస్‌బుక్, లింక్ డాక్యుమెంట్లు తీసుకురండి చాలు.